హాలు ఎంత పెద్దదో ఒక్కటే కాదు, హోటల్ నుంచి హాలుకి దారి ఎలా ఉందో కూడా చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికాలో జరిగే తెలుగు మహాసభల గురించి మీ ఎన్నారై పేజీలో వార్తలు బాగానే వస్తుంటాయి. ఏ సంగీత దర్శకుడి కచేరీ, ఏ హీరో వస్తున్నాడు, భోజనాల్లో గోంగూర ఉందా ఉలవచారు ఉందా, అన్నీ రాస్తారు, మేమూ ఇష్టంగానే చదువుతాం. కానీ అక్కడికెళ్ళిన ప్రతి కుటుంబం మొదటి రోజు పొద్దున్నే ఎదుర్కునే సంగతి ఒకటుంది, దాని గురించి ఎక్కడా ఒక్క లైను కూడా కనపడదు. దిగిన హోటల్ నుంచి సభ జరిగే కన్వెన్షన్ సెంటర్‌కి మనుషులు ఎలా నడిచి వెళ్తారు అనేది. ఊరు ఎంచుకునేటప్పుడే మన సంఘాల వాళ్ళు ఈ విషయం చూడాలని నా కోరిక, అందుకే ఈ ఉత్తరం.

నేనుండేది ఇండియానాపోలిస్ దగ్గర. మా డౌన్‌టౌన్‌లో ఇండియానా కన్వెన్షన్ సెంటర్ ఉంది, దానికి 12 హోటళ్ళు స్కైవాక్‌లతో కలిపి ఉంటాయి. అంటే రోడ్డు పైన రెండో అంతస్తు ఎత్తులో అద్దాలతో మూసేసిన వంతెనలు, లోపల చలికాలం హీటరు, ఎండాకాలం ఏసీ. అన్నీ కలిపి 4,700 దాకా రూములు, ఒక్క జేడబ్ల్యూ మేరియట్‌లోనే వెయ్యి పైచిలుకు. రూములోంచి లిఫ్ట్ దిగి, వంతెన దాటి, కోటు వేసుకోకుండా హాల్లోకి వెళ్ళిపోవచ్చు. అక్కడి నుంచి లూకాస్ ఆయిల్ స్టేడియానికి కూడా లోపల్నుంచే దారి ఉంది. 2012లో ఫిబ్రవరి చలిలో ఇక్కడ సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, పెట్టగలిగారంటే ఈ దారుల పాత్ర చాలా ఉంది. 2021లో కరోనా టైములో కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొత్తం ఇండియానా రాష్ట్రంలోనే జరిపారు, 68 టీములు, ఆటగాళ్ళని డౌన్‌టౌన్ హోటళ్ళలో ఉంచి స్కైవాక్‌ల మీదుగానే కన్వెన్షన్ సెంటర్‌లో ప్రాక్టీసుకి తీసుకెళ్ళారు, బయట జనంతో కలవనవసరం లేకుండా. ఈ ఏర్పాటు ఊరికే సౌకర్యం కోసం మాత్రమే కాదని నాకు బాగా అర్థమైంది అప్పుడే.

మన సభల సంగతికొస్తే, మన జనం వేరు సార్. డాక్టర్ల కాన్ఫరెన్సుకి వచ్చేవాళ్ళు బూట్లేసుకుని బ్యాగు తగిలించుకుని నాలుగు వీధులు గబగబా నడిచేస్తారు. మన సభకి వచ్చేది ఎవరు? విజిటర్ వీసా మీద గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మానాన్నలు, మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు, స్ట్రోలర్లో పసిపిల్లలు, పట్టుచీర కట్టుకుని పూలు పెట్టుకున్న ఆడవాళ్ళు, ఫుల్ మేకప్‌తో కూచిపూడి డ్రెస్ వేసుకుని కాళ్ళకి పారాణి పెట్టుకున్న చిన్నపిల్లలు. పైగా మన సభలు ఎక్కువగా జులై నాలుగు సెలవులప్పుడే పెడతారు, ఆ రోజుల్లో అమెరికాలో సగం ఊళ్ళలో మాడిపోయే ఎండ, సాయంత్రమైతే ఉరుములు మెరుపులతో వాన.

ఆమధ్య దక్షిణాదిలో ఓ ఊళ్ళో జరిగిన సభకి మేము మా అత్తయ్య గారిని తీసుకెళ్ళాం. వెబ్‌సైట్‌లో హోటల్ వాకింగ్ డిస్టెన్స్ అని రాశారు, నిజమే, మ్యాప్‌లో చూస్తే పక్కనే. వెళ్ళి చూస్తే మధ్యలో పెద్ద రోడ్డు, సిగ్నల్ పడ్డాక దాటడానికి ఇచ్చే టైములో ఆవిడ సగం దూరం కూడా రాలేకపోయారు, మధ్యలో ఉన్న డివైడర్ మీద ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, రెండు పక్కలా కార్లు. షటిల్ బస్ ఉందన్నారు గానీ దానికి పెద్ద లైను, ఆ లైను కూడా ఎండలోనే. సాయంత్రం వాన మొదలయ్యాక డ్యాన్సు పిల్లల తల్లులు ప్లాస్టిక్ కవర్లు కప్పి పిల్లల్ని పరిగెత్తించడం చూశాను. రెండో రోజు అత్తయ్య గారు నేను రానమ్మా, మీరు వెళ్ళి రండి అని రూములోనే ఉండిపోయారు. ఆవిడ ఎంతో ఇష్టంగా ఎదురుచూసిన అవధానం ఆ రోజే. అంత దూరం నుంచి వచ్చి, ఒక రోడ్డు దాటలేక అవధానం వినలేకపోయారు. ఈ బాధ నా ఒక్కదానిదే కాదు, ఆ హోటల్ లాబీలో ఆ రోజు కూర్చుని ఉన్న పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇలా హోటల్, హాలు కలిపి ఉన్న చోట్లు తక్కువేం కాదు. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) సభలు వాషింగ్టన్ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగాయి, దానికి ఎదురుగా ఉన్న మేరియట్ మార్క్విస్ నుంచి భూమి కిందనుంచే దారి ఉంది. 2023లో ఫిలడెల్ఫియాలో జరిగాయి, అక్కడ డౌన్‌టౌన్ మేరియట్ నుంచి పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్‌లోకి పైనుంచి బ్రిడ్జి ఉంది. డాలస్‌లో ఆమ్నీ హోటల్ 2011లో కట్టినప్పుడే కన్వెన్షన్ సెంటర్‌కి బ్రిడ్జి వేశారు. హ్యూస్టన్‌లో జార్జ్ ఆర్ బ్రౌన్ సెంటర్‌కి అటు హిల్టన్, ఇటు మేరియట్ మార్క్విస్, రెండూ బ్రిడ్జిలతో కలిసే ఉంటాయి, అక్కడి జులై ఉక్కపోత తెలిసినవాళ్ళకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. మన హైదరాబాద్‌లో కూడా హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్, నోవోటెల్ హోటల్ ఒకదానికొకటి ఆనుకునే కట్టారు కదా, బయటి రోడ్డు ఎక్కే పని లేకుండా.

అయితే బ్రిడ్జి ఉందంటే సరిపోదు, ఇక్కడే అసలు చిక్కులున్నాయి. మొదటిది రూములు ఎవరికి అనేది. చాలా ఊళ్ళలో అలా కలిసి ఉన్న హోటల్ ఒకటో రెండో ఉంటాయి, వాటిలో రూములు ముందు అతిథులకి, తర్వాత డోనర్లకి, కమిటీ వాళ్ళకి పోతాయి, మిగతా జనం దూరంగా ఉన్న హోటళ్ళలో. డోనర్లు డబ్బులివ్వకపోతే సభే లేదు, ఆ మాట నేను కాదనను. కానీ నలభై ఏళ్ళ డోనర్ గారు రెండు వీధులు నడవగలరు, డెబ్భై అయిదేళ్ళ పెద్దాయన నడవలేరు. కలిసి ఉన్న హోటల్లో కొన్ని రూములైనా పెద్దవాళ్ళకి, వీల్‌చైర్ వాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి ముందే పక్కన పెట్టాలి, రిజిస్ట్రేషన్ ఫారంలోనే ఆ ప్రశ్న అడగాలి. ఏ డోనరూ దీనికి అడ్డు చెప్తాడని నేను అనుకోను, వాళ్ళకీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు.

రెండోది టైము. ఇది చాలామందికి తెలియదు. చాలా ఊళ్ళలో ఈ దారులు ఏ బిల్డింగ్‌లోంచి వెళ్తే ఆ బిల్డింగ్ ఓనర్ల చేతిలో ఉంటాయి. మిన్నియాపోలిస్ చూడండి, 1962లో మొదటి స్కైవే కట్టారు, ఇప్పుడు 80 బ్లాకుల్ని కలుపుతూ తొమ్మిదిన్నర మైళ్ళ పొడవుంది, చలికాలంలో మైనస్ ఇరవై ఉన్నా జనం చొక్కాల మీదే తిరుగుతారు, అక్కడి కన్వెన్షన్ సెంటర్ కూడా దాంట్లో కలిసే ఉంది. కానీ అది ఎక్కువగా ఆఫీసు వాళ్ళ కోసం నడిచే దారి, రాత్రయ్యాక, వీకెండుల్లో చాలా తలుపులు తొందరగా మూసేస్తారు. మరి మన సభలో ఆఖరి రోజు మ్యూజికల్ నైట్ ఎన్నింటికి అవుతుంది? అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున ఏసీలో హాయిగా వచ్చిన అమ్మమ్మ గారు రాత్రి ఒంటిగంటకి తాళం వేసిన తలుపు ముందు నిలబడితే ఎలా ఉంటుంది? పైగా లాంగ్ వీకెండ్, మధ్యలో ఏ ఆఫీసు బిల్డింగో ఉంటే అది పగలు కూడా మూసి ఉండొచ్చు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టే రోజే ఆ తలుపులు ఏ టైము వరకు తెరిచి ఉంచుతారో రాయించుకోవాలి, తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.

ఇంకోటి, కలిసి ఉంది కదా అని దగ్గర అనుకోకూడదు. మా ఊళ్ళోనే కొన్ని హోటళ్ళ నుంచి రావాలంటే రెండు బిల్డింగులు, ఒక మాల్ దాటుకుని మెలికలు తిరుగుతూ రావాలి, వాన పడదు గానీ నడక మాత్రం నడకే. మధ్యలో కూర్చోడానికి కుర్చీలు, ఎక్కడ మెట్లు ఎక్కడ లిఫ్టు అని బోర్డులు, మలుపు దగ్గర ఒక వాలంటీరు ఉండాలి. ఆ బోర్డులు తెలుగులో పెడితే ఇంకా మంచిది, ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్ళు ఎవర్నీ అడక్కుండా వాళ్ళంతట వాళ్ళే వెళ్ళగలరు, అది వాళ్ళకి ఎంత ధైర్యమో.

ఈ స్కైవాక్‌ల మీద విమర్శ ఉందని నాకు తెలుసు. జనం అంతా పైన నడిస్తే కింద వీధి చచ్చిపోతుంది, చిన్న షాపుల వాళ్ళు దెబ్బతింటారు అంటారు. సిన్సినాటీలో 1970ల నుంచి కట్టుకుంటూ వచ్చిన స్కైవాక్‌లో చాలా భాగాలు ఆ కారణంతోనే తర్వాత తీసేశారు. ఆ వాదనలో న్యాయం ఉంది. ఊరు మొత్తాన్ని పైకి ఎత్తేయమని నేను అనట్లేదు, నడవగలిగిన వాళ్ళు కిందే నడవాలి, ఆ ఊరి హోటల్లో టిఫిన్ చెయ్యాలి, ఆ షాపుల్లో కొనాలి. ఫిలడెల్ఫియాలో కన్వెన్షన్ సెంటర్‌ని ఆనుకునే రీడింగ్ టెర్మినల్ మార్కెట్ ఉంది, వందేళ్ళు దాటిన మార్కెట్, బ్రిడ్జి ఉన్నా జనం అక్కడ కిటకిటలాడుతూనే ఉంటారు. నేనడిగేది హోటల్‌కి, హాలుకి మధ్య ఒక్క వంతెన గురించే, అదీ కింద దాటలేని వాళ్ళ కోసం.

మా సంఘాల్లో పని చేసేవాళ్ళు జీతం లేకుండా, ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్ళు ఫోన్లలో మాట్లాడుకుంటూ ఇంత పెద్ద సభలు నడుపుతున్నారు, వాళ్ళ మీద నాకు చాలా గౌరవం. హాలు అద్దె, సీట్లు, వంటవాళ్ళకి పర్మిషన్ ఉందా లేదా, ఇవన్నీ చూసుకునేసరికే వాళ్ళకి తల ప్రాణం తోకకొస్తుంది. ఆ లిస్టులో ఇది కూడా ఒక లైను చేర్చమని అడుగుతున్నాను, అంతే.

మీరు కూడా ఒక సాయం చెయ్యాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సన్నాహక సభ పెట్టి వివరాలు ప్రకటించినప్పుడు మీ విలేకరులు వెళ్తారు కదా, హోటల్ నుంచి హాలుకి లోపల్నుంచి దారి ఉందా, ఆఖరి రోజు రాత్రి అది ఎన్నింటి వరకు తెరిచి ఉంటుంది, పెద్దవాళ్ళకి ఎన్ని రూములు పెట్టారు అని అడిగించండి, వాళ్ళు చెప్పిన జవాబు అలాగే పేపర్లో వెయ్యండి. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి టికెట్ కొనేముందు మేము చూసుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఇండియానాపోలిస్ దగ్గర్నుంచి