క్యాలెండర్ జనవరికి రాదండీ, ఉగాదికి వస్తుంది

అందరికీ నమస్కారం. 2027 క్యాలెండర్ ఎప్పుడు అని చాలామంది మెసేజ్ చేస్తున్నారు, విడివిడిగా రిప్లై ఇచ్చే బదులు ఒకేసారి చెప్పేద్దామని రాస్తున్నా. జనవరి 1కి క్యాలెండర్ ఉండదు. ఉగాదికి, అంటే ఏప్రిల్ 7 లోపు మీ గోడ మీదకి వచ్చేలా పంపిస్తాం, చైత్రం నుంచి ఫాల్గుణం దాకా 12 పేజీలు. రేటు కూడా 350 నుంచి 420 అయింది. కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ఒక మాట, మేం అనకాపల్లి దగ్గర ఉంటాం, పాత ఆటబొమ్మల్ని పల్లెల్లో ఫొటోలు తీసి ప్రింట్లు, క్యాలెండర్లు అమ్ముతాం, ఫొటోలు నావి, ప్యాకింగు లెక్కలు మా చెల్లివి.

ఉగాదికి మార్చడానికి కారణం బొమ్మలే. మన చిన్నప్పటి ఆటవస్తువుల్లో సగం షాపులో కొన్నవి కాదు కదా, ఏ కాలంలో ఏది దొరికితే దాంతో చేసుకున్నవి. ముంజికాయల బండి వేసవిలోనే కుదురుతుంది, ముంజలు తినేసిన కాయలు రెండు, మధ్యలో ఒక పుల్ల, తోయడానికి పంగల కర్ర, అంతే బండి, కానీ రెండ్రోజులు ఎండలో ఉంటే కాయ వడిలి నల్లబడిపోతుంది, అందుకే కాయ కొట్టిన రోజే, ఆ తాటిచెట్టు కిందే తియ్యాలి. అది మొన్న ఎండాకాలంలో తీసేశాం. జొన్న దంటు లోపలి బెండ్లతో చేసే ఎడ్లబండికి మాత్రం ఆగాలి, యాసంగి జొన్న కోసేది ఫిబ్రవరి, మార్చిల్లో, దానికి జహీరాబాద్ వైపు వెళ్తున్నాం, ఎండిన దంటు పైపొర చీల్చి ఆ సన్నటి బద్దల్నే మేకుల్లా గుచ్చి బెండు ముక్కలు కలుపుతారు, అది చేసేవాళ్ళ చేతుల్లో చూసి తియ్యాలని నాకు ఎప్పటినుంచో ఉంది. సంక్రాంతి తర్వాత మా వైపు ఊరూరా తీర్థాలు, అంటే జాతరలు, మొదలవుతాయి, రేకు కప్పలు, బూరలు, వత్తి వెలిగిస్తే టపటపమంటూ నీళ్ళలో పోయే రేకు పడవలు చిన్నప్పుడు అక్కడే కొనేవాళ్ళం, కాబట్టి ఆ పేజీ తీర్థంలోనే తియ్యాలి. ఇవన్నీ అయ్యాకే ప్రింటింగ్, ఇక డిసెంబర్‌కి ఎలా వస్తుంది చెప్పండి.

పోయినసారి అందరూ ఎక్కువ అడిగింది లక్కపిడతల ప్రింటు, అది స్టాక్ లేదు, మళ్ళీ వేస్తున్నాం. ఆ లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక మాకు దగ్గరే, వరాహ నది ఒడ్డున ఉంటుంది, అంకుడు కర్రని తిప్పుతూ లక్క కణిక దానికి ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో నున్నగా చేస్తారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, ఇలాంటి వాటితో రంగులు. 2017లో ఆ బొమ్మలకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఎరుపు, ఆ పసుపు కెమెరాలో పట్టుకోవడం ఒక పని, కాగితం మీదకి తేవడం ఇంకో పని. మిట్టమధ్యాహ్నం తీస్తే లక్క తిరగలి మీద తెల్లటి మెరుపు తప్ప రంగు కనపడదు, పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే మెరుపు తగ్గుతుంది గానీ మొత్తం పోతే అది లక్కలా ఉండదు, ప్లాస్టిక్‌లా అయిపోతుంది. అందుకే పొద్దున్నే అరుగు మీద నీడలో పెట్టి తీస్తాం. ప్రెస్‌లో మామూలు నాలుగు రంగుల్లో వేస్తే ఎరుపు మందగిస్తుంది, అందుకే ఆ ఒక్క ప్రింటు ఇంక్‌జెట్‌లో మందపాటి మ్యాట్ పేపర్ మీద విడిగా వేయిస్తున్నాం, దాని ఖరీదు మిగతా ప్రింట్ల కన్నా ఎక్కువ ఉండేది అందుకే.

ఫొటోలు ఏఐతో చేసి సగం రేటుకి ఇవ్వొచ్చు కదా అని కొందరు మంచి మనసుతోనే అడిగారు. ఇవ్వనండి. అలాంటి ఏఐ ఫొటోల్లో ముంజికాయ చక్రానికి గుంటలే ఉండవు, ముంజ తీసిన చోట గుంట లేకపోతే అది తిన్న కాయ ఎలా అవుతుంది? నేను బొంగరం తీసేటప్పుడు షట్టర్ 1/30 సెకను దగ్గర పెడతా, 1/1000లో పెడితే నిలబడిపోయిన కర్రముక్కలా ఉంటుంది, 1/30లో రంగు గీతలు కలిసిపోయి కింద మట్టిలో ములుకు చేసిన గీత మాత్రం స్పష్టంగా ఉంటుంది, ఆ గీత చూసి మా కస్టమర్ ఒకాయన వాళ్ళ ఊరి బడి ముందు నేల కూడా ఇలాగే ఉండేదని పెద్ద మెసేజ్ రాశారు. నేను అమ్మేది అదే.

ఇప్పుడు కొత్త విషయం. మీ ఇంట్లో అటక మీద ఉన్న మీ బొమ్మనే, మీ ఊళ్ళోనే ఫొటో తీసి ఇవ్వడం మొదలుపెడుతున్నాం. అమెరికా, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు బాగా అడిగారు, అమ్మానాన్న ఊళ్ళో ఉన్నారు, బొమ్మ అక్కడే ఉంది, వెళ్ళి తీస్తారా అని. తీస్తాం, కాకపోతే ప్రస్తుతానికి అనకాపల్లి, విశాఖ, విజయనగరం, కాకినాడ జిల్లాల్లోనే, ఇద్దరమే కాబట్టి దూరం వెళ్ళలేం. ఒక్క రిక్వెస్ట్, మేం వచ్చేముందు బొమ్మని కడగొద్దు, తుడవొద్దు, పెయింట్ అస్సలు వెయ్యొద్దు. రేకు కారుకి పెయింట్ పోయిన చోట తుప్పు, చెక్క గుర్రానికి చెవి విరిగిన చోటు, లక్క చెంబు మీద పంటిగాట్లు, ఎవరి పళ్ళో మీకు తెలుసు కదా, అవి పోతే మళ్ళీ రావు. పాత లక్కకి స్పిరిట్ తగిలితే రంగు లేచిపోతుంది కూడా, శానిటైజర్‌తో తుడిచేవాళ్ళు దయచేసి ఆపండి. దుమ్ము ఎక్కువుంటే మెత్తటి బ్రష్ మేమే తెస్తాం.

పిల్లలు ఆడుతున్నట్టు ఫొటో కావాలన్నా తీస్తాం, కానీ అమ్మే ప్రింట్లలో వాళ్ళ మొహాలు రావు, చేతులు, కాళ్ళ వరకే. మీ ఇంటి పిల్లలైతే ఆ ఫొటో మీకే ఇస్తాం, క్యాలెండర్‌లో వాడం.

420 ఎందుకు అంటే, కాగితం రేటు పెరిగింది, మేం వేసేది తక్కువ కాపీలు కాబట్టి ప్రెస్ వాళ్ళ దగ్గర డిస్కౌంట్ రాదు, పేజీ కింద ప్రకటన వేసుకుంటే డబ్బులిస్తామన్న షాపులకి వద్దన్నాం. పైగా ఈ ఏడాది నుంచి బొమ్మ ఇచ్చినవాళ్ళకి, బండి చేసి చూపించినవాళ్ళకి ఫొటోకి ఇంత అని ఇస్తున్నాం, ఒక కాపీ కూడా. అది తగ్గించి మీకు చవగ్గా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అద్దం ఫ్రేములు మానేశాం, దారిలో పగులుతున్నాయి, ప్రింటు గొట్టంలో చుట్టి పంపిస్తాం, ఫ్రేము మీ ఊళ్ళోనే కట్టించుకోండి.

క్యాలెండర్ బుకింగ్ సంక్రాంతి వెళ్ళాక తెరుస్తాం, పాత కస్టమర్లకి ముందు మెసేజ్ వస్తుంది. విదేశాలకి కావాలంటే ఫిబ్రవరిలోపే చెప్పండి, లేకపోతే ఉగాదికి అందదు. మీ బొమ్మ ఫొటో తీయించుకోవాలంటే బొమ్మ పేరు, ఊరు, అది ఏ కాలంలో ఆడేవాళ్ళో రాసి పంపండి, ఆ కాలం చూసుకునే వస్తాం.