పార్కు మూల స్థలం గురించి మున్సిపల్ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మా కాలనీ పార్కు మూలన ఉన్న కూరగాయల మడులకు, ఎరువు గుంతకు అనుమతి కోరుతూ మీ కార్యాలయంలో అర్జీలు ఇచ్చాం. జవాబు రాలేదు. గేటుకు తాళం మాత్రం పడింది. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

లోపల బచ్చలి తీగ పందిరి దాటి పాకింది, గోంగూర ముదిరిపోతోంది. ఎరువు గుంతను కలియబెట్టేవారు లేక వాసన మొదలైంది. రేపు ఆ వాసననే మా తప్పుగా చూపిస్తారేమోనని టెన్షన్. చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే మహిళలు ఇక్కడి నుంచే ఆకుకూర తీసుకెళ్లేవారు. ఇప్పుడు కొనుక్కోవాలి, లేదా మానుకోవాలి.

ఎవరితో పని లేకుండా బతుకుతామని మేం అనడం లేదు. మా కుళాయిల్లోకి కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు వస్తున్నాయి. రైతు పండిస్తేనే బియ్యం, పప్పు మా కంచంలోకి వస్తాయి. అంత తీసుకుంటున్నవాళ్లం, మా తడి చెత్తనైనా జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా పంపకుండా ఇక్కడే ఎరువు చేసుకుంటామంటున్నాం. తడి, పొడి వేరు చేయమని గోడల మీద రాయించేదీ యంత్రాంగమే కదా!

స్థలం మాకు రాసివ్వమనడం లేదు. దయచేసి తాళం తీయించండి. ఏటా రెన్యువల్ చేసుకునే షరతుతో ఆ మూలను సాగుకు ఇవ్వండి. కుదరదంటే కారణాన్ని 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక కాలనీ నివాసి,
హైదరాబాద్