మొక్కకు ముందు గుంత సంగతి చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కొబ్బరి మొక్కలు ఉచితంగా పంచారన్న వార్త పేపర్లో కనిపించినప్పుడల్లా నాకు ఒక్కటే అడగాలనిపిస్తుంది. ఆ మొక్కలు ఎలాంటి నేలలో పెడుతున్నారు? గుంతలో ఏం వేస్తున్నారు? వార్తలో మొక్కల లెక్క ఉంటుంది, ఫోటో ఉంటుంది. గుంత సంగతి మాత్రం ఉండదు. మిగతా నేలల మాట ఎలా ఉన్నా, ఉత్త ఇసుక నేలలో కొబ్బరి బాగుపడేదీ పాడయ్యేదీ ఆ గుంతలోనే.

నేను ఇసుక నేలలో కొబ్బరి పెంచుతున్న రైతుని. మొదట్లో నాకూ మొక్కలే చేతికిచ్చారు. గుంత తీయండి, నాటండి, యూరియా, పొటాష్ వేసి నీళ్లు పెట్టండి అన్నారు. అలాగే చేశాను. మూడేళ్లకి కూడా మొవ్వు, అంటే చెట్టు తలలో కొత్త ఆకులు పుట్టే చిగురు, సన్నగానే ఉంది. అడుగు ఆకులు కొసల నుంచి, అంచుల నుంచి పసుపెక్కి ఎండిపోతున్నాయి. పొటాష్ చాలకపోతే అలా అవుతుందని తర్వాత తెలిసింది. మరి నేను వేసిన పొటాష్ ఏమైంది?

ఇసుకలో నిలవలేదు. బంకమట్టికి, కుళ్లిన ఆకుకి పోషకాలను పట్టి ఉంచే గుణం ఉంది. ఇసుక రేణువుకి అది దాదాపు లేదు. ఒక గట్టి వాన పడితే పాదులో వేసిన నత్రజని, పొటాష్ నీళ్లతో పాటు వేళ్లు అందుకోలేనంత లోతుకి దిగిపోతాయి. కొబ్బరికి అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది పొటాషే. కాపుకొచ్చిన చెట్టుకి ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ ఇమ్మని సిఫార్సు ఉంది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు ఆ 1200 గ్రాములూ ఇసుకలో పోస్తే చెట్టుకి అందేదెంత?

నా కళ్లు తెరిపించింది ఒక పాత గుంత. పక్క తోటలో చెట్టు పడిపోతే దాని మొదలు తవ్వుతున్నారు. చుట్టూ ఇసుక పొడిపొడిగా జారిపోతోంది. అడుగున మాత్రం ఎప్పుడో పరిచిన కొబ్బరి డొక్కలు, కాయ ఒలిచాక మిగిలే పీచు తొక్కలు, దొరికాయి. నల్లబడి, మెత్తబడి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని పిండితే నీళ్లు కారాయి. వానలు పోయి చాలా రోజులైంది. అయినా ఆ పీచు సందుల్లోంచి వేళ్లు జడలా అల్లుకుని ఉన్నాయి, కొసలు తెల్లగా, సజీవంగా. చుట్టుపక్కల ఇసుకలో అన్ని వేళ్లు లేవు. చెట్టు తనకేం కావాలో అక్కడ రాసిపెట్టినట్టే అనిపించింది.

ఆ తర్వాత నేను పెట్టిన మొక్కలన్నిటికీ మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత తీసి, అడుగున రెండు వరుసలు డొక్కలు గుంట వైపు పైకి వచ్చేలా పేర్చాను. గిన్నెల్లా నీళ్లు పడతాయి. వరుసకీ వరుసకీ మధ్య మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు. దొరికినప్పుడు చెరువు మట్టి కూడా కలిపాను. ఇసుకలో లేని బంక దానిలో ఉంది. పెద్ద చెట్లకైతే మొదలుకి రెండు మీటర్ల దూరంలో చుట్టూ కందకం తీసి, వానలకి ముందే డొక్కలు పూడ్చవచ్చు. ఒకసారి పూడిస్తే ఐదు నుంచి ఏడేళ్లు పని చేస్తాయి.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయానికి వస్తాను. కాయలు దింపాక డొక్క తోటలోకి తిరిగి రావడం లేదు. ఒలుపు చేసిన చోటే కుప్పలు పోసి తగలబెడుతున్నారు. చెట్టు తీసుకున్న పొటాష్‌లో పెద్ద వాటా ఆ డొక్కలోనే ఉంటుంది. బూడిదలో అది మిగిలినా గాలికి కొంత, వానకి కొంత పోతుంది. ఏడాదికి ఒక్కో చెట్టు నుంచి రాలే పన్నెండు, పధ్నాలుగు మట్టలదీ అదే గతి. పాదులో పరిస్తే ఎండాకాలం తేమ ఆగుతుంది. తరిగి, పదింటికి ఒక వంతు పేడ కలిపితే వానపాములు వాటిని ఎరువు చేసిపెడతాయి.

డొక్క నుంచి పీచు తీశాక మిగిలే పొట్టు, మిల్లుల దగ్గర కొండల్లా పేరుకున్నది, మరో కథ. వాన పడితే వాటి నుంచి ఎర్రటి నీళ్లు కాలువల్లోకి, బావుల్లోకి దిగుతున్నాయి. పచ్చి పొట్టుని మట్టిలో కలపడం మాత్రం పొరపాటు. అందులో కర్బనం మరీ ఎక్కువ, నత్రజనికి వంద రెట్లకు పైనే ఉంటుంది. అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలో ఉన్న కాస్త నత్రజనినీ లాగేసుకుంటాయి. చెట్టు ఇంకా పసుపెక్కుతుంది. టన్ను పొట్టుకి ఐదు కిలోల యూరియా, ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం వరుసల మధ్య చల్లి, తడి ఆరకుండా చూస్తే నెలా రెండు నెలల్లో నల్లటి ఎరువవుతుంది. ఈ పని ఒక్కో రైతు వల్ల కాదు. మిల్లుల దగ్గరే, పంచాయతీల పూనికతో జరగాలి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. సేంద్రియం అనగానే పచ్చి పేడ తెచ్చి మొదట్లో పోసేవాళ్లున్నారు. కొమ్ము పురుగు ఎక్కువగా గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లో. పూర్తిగా చివకని ఎరువు తోటలోకి తెస్తే మొవ్వుని తొలిచే పురుగుని మనమే పెంచుకున్నట్టు. కొబ్బరికి ఉన్నది ఒకే ఒక్క మొవ్వు. అది పోతే చెట్టే పోయింది.

రసాయన ఎరువులు వద్దని నేను అనడం లేదు. ఇసుక నేలలో అవి లేకుండా మంచి కాపు తీయడం కష్టం. అయితే వాటిని పట్టి ఉంచే పదార్థం ముందు నేలలో ఉండాలి. వానాకాలం మొదట్లో పాదులో జనుమో అలసందో చల్లి పూతకి ముందే మట్టిలో కలిపేయడం, గట్ల వెంట పచ్చి ఆకు ఎరువుకి పనికొచ్చే గిరిపుష్పం చెట్లు పెంచి ఆ ఆకు కోసి వేయడం, ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఇవేవీ కొత్తవీ కావు. కేరళలోని కాసరగోడులో కొబ్బరి మీద పరిశోధన 1916లోనే మొదలైంది. తెలిసింది చాలా ఉంది. అది పథకాల్లోకి రావడం లేదు.

వచ్చినా ఏడాదికే లెక్క చూస్తారు. కొబ్బరి చెట్టులో పూత మొదలయ్యేది మొవ్వు లోపల, పూలగెలని కప్పి ఉండే పొత్తి బయటపడి విచ్చుకోవడానికి రెండున్నరేళ్లకు పైగా ముందు. పొత్తి విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఇంకో ఏడాది. ఈ రోజు పూడ్చిన డొక్క ఫలితం కాయల్లో కనపడాలంటే మూడు, నాలుగేళ్లు ఆగాలి. కాబట్టి ఇసుక నేలల రైతుకి మొక్కతో పాటు గుంత తవ్వకానికి కూలి, డొక్కలు, చివికిన ఎరువు ఇవ్వాలి. మూడేళ్ల పాటు పాదుకి ఏటా ఎరువు అందించాలి. పంచే మొక్కల సంఖ్య సగానికి తగ్గినా ఫర్వాలేదు.

మీకూ ఒక మనవి. ఈసారి మొక్కల పంపిణీకి మీ విలేకరి వెళ్లినప్పుడు ఇవాళ ఎన్ని పంచారన్నదే కాకుండా, మూడేళ్ల కిందట పంచినవి ఎన్ని బతికున్నాయో కూడా అడిగి రాయమనండి.

ఇట్లు,
ఇసుక నేలలో ఒక కొబ్బరి రైతు