కోటు అక్కడ కొనొద్దు నాయనా

విన్నిపెగ్ (కెనడా),
అక్టోబరు 12.

అమ్మకు, నాయనకు నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. కడుపులో బిడ్డ బాగా ఎదుగుతోందని మొన్న డాక్టరమ్మ చెప్పింది. సంక్రాంతి అయిన నాలుగో రోజుకు మీ టికెట్లు తీసేశాం. చెన్నైలో విమానం ఎక్కుతారు. మీ అల్లుడి స్నేహితుడు ఒకాయన వాళ్ల అమ్మానాన్నలను చూడడానికి రేణిగుంటకు వస్తున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా.

ఫోన్లో చెప్పేదానికి ఉత్తరం ఎందుకు అంటావు నాయనా. ఫోన్లో చలిబట్టల మాట ఎత్తగానే "కొండ మీద చలి మాకు తెలియనిదా పాపా, రెండు స్వెటర్లు, ఒక మంకీ క్యాప్ చాల్లే" అని ఫోను అమ్మకిస్తావు. అమ్మేమో "బాలింత పథ్యానికి ఏమేమి తేవాలి" అని మొదలుపెడుతుంది. బట్టల సంగతి అక్కడే ఆగిపోతుంది. అందుకని నిదానంగా కూర్చుని రాస్తున్నా. ఈ కాగితం బీరువాలో పెట్టుకోండి. గాంధీ రోడ్డుకు బట్టలకు పోయేటప్పుడు చేతిలో పట్టుకుని పోండి.

ముందు ఇక్కడి చలి ఎంతో చెప్తాను. మన తిరుపతిలో జనవరి తెల్లవారుజామున 18, 19 డిగ్రీలకు దిగితేనే అందరూ దుప్పటి ముసుగేస్తారు. తిరుమల మీద ఇంకో నాలుగైదు డిగ్రీలు తక్కువ. విన్నిపెగ్‌లో జనవరిలో పగలే సుమారు మైనస్ 11, రాత్రికి మైనస్ 21 దాకా పోతుంది. ఇది మామూలు రోజుల లెక్క. కొన్ని రోజులు మైనస్ 30 కూడా చూస్తాం. మన ఫ్రిజ్‌లో ఐసు కట్టే అరలో ఉండేది మైనస్ 18. అంటే మీరు వచ్చే నెలలో రాత్రిపూట బయట ఆ అరకంటే చల్లగా ఉంటుంది. ఊరి మధ్యలో పారే నది గడ్డకడుతుంది, దాని మీద జనం నడుస్తారు. రాత్రి కార్ల ఇంజను గడ్డకట్టుకుపోకుండా కరెంటు ప్లగ్గు పెట్టి ఉంచుతారు.

మీకు భయం పెట్టడానికి రాయడం లేదు. ఈ ఊళ్లో పసిపిల్లలు, ముసలివాళ్లు అందరూ హాయిగా బతుకుతున్నారు. సరైన బట్ట ఉంటే ఈ చలి ఏమీ చేయదు. సరికాని బట్ట వేసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీకు నాలుగేళ్లుగా చెప్పని సంగతి ఒకటి ఉంది, ఇప్పుడు చెప్తాను.

నేను వచ్చేటప్పుడు చెన్నైలో ఒక అంగట్లో నల్ల కోటు కొన్నాం, గుర్తుందా? మూడు కిలోల బరువు. "ఎంత మంచులో అయినా పనిచేస్తుంది సార్" అని అంగడాయన నీకు చెప్పాడు. 9,000 రూపాయలు. చీటీ ఎత్తి ఇచ్చావు. ఇక్కడికొచ్చిన రెండో వారం ఆ కోటు వేసుకుని బస్టాపులో పావుగంట నిలబడ్డాను. గాలి దానిలోంచి నేరుగా ఒంట్లోకి దూరింది. కాళ్లకు రెండు జతల నూలు సాక్సులు తొడిగి బూట్లలోకి బిగించి దూర్చాను. రెండు జతలైతే వెచ్చగా ఉంటుందనుకున్నాను. కాసేపటికి కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. ఇంటికి వచ్చి వేళ్లకు స్పర్శ తిరిగి వస్తుంటే ఆ మంటకు గట్టిగా ఏడ్చాను. ఆ రాత్రి నువ్వు ఫోన్ చేసి "కోటు బాగుందా పాపా" అన్నావు. "బాగుంది నాయనా" అన్నాను. నీ చీటీ డబ్బు అని నోరు రాలేదు. ఇప్పుడు మీరిద్దరూ అలాంటి కోట్లే రెండు కొనుక్కుని వస్తారేమోనని ఎక్కువ దిగులు. అందుకే చెప్పేశాను.

ఆ కోటులో లోపం ఏమిటో నీకైతే ఒక్క మాటలో అర్థమవుతుంది నాయనా. ఘాట్ రోడ్డు బస్సు నడిపే రోజుల్లో మార్గశిరం తెల్లవారుజాము ట్రిప్పుకు పోయేటప్పుడు, ఖాకీ చొక్కా లోపల రొమ్ము మీద న్యూస్ పేపరు మడిచి పెట్టుకునేవాడివి. పేపరుకు బరువుంటుందా, మందముంటుందా? అయినా గాలిని లోపలికి రానిచ్చేది కాదు. మడతల మధ్య ఉన్న గాలి కదలకుండా నిలిచిపోయి ఒంటి వేడిని పట్టి ఉంచేది. చలిబట్టల శాస్త్రమంతా నీ పేపరు మడతలోనే ఉంది. వెచ్చదనం ఇచ్చేది గుడ్డ బరువు కాదు, పొరల మధ్య నిలిచిన గాలి. పైన గాలి చొరబడని పొర ఒకటి ఉండాలి. నా నల్ల కోటుకు బరువు ఉంది కానీ ఆ పై పొర లేదు.

ఇక్కడ గాలికి ప్రత్యేకంగా లెక్క కూడా చెప్తారు. మైనస్ 20 ఉన్న రోజు గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 33 లాగా తగులుతుంది. అలాంటి రోజు ముఖం, చెవులు కప్పుకోకపోతే పది నిమిషాల నుంచి అరగంటలోపు చర్మం గడ్డకట్టవచ్చు. వార్తల్లో ముందే హెచ్చరిస్తారు. ఆ రోజుల్లో మిమ్మల్ని బయటికి రానివ్వను.

అమ్మా, ఇప్పుడు నీకు. నువ్వు అలిపిరి మెట్లెక్కి ఎన్నిసార్లు పోయావో లెక్కలేదు. 3,550 మెట్లు. మోకాళ్ల మెట్టు దాటేసరికి వీపంతా చెమటతో తడిసిపోతుంది. పైన కూర్చోగానే గాలి తగిలి వణుకు వస్తుంది కదా. చైత్ర మాసంలో కూడా నీకు వణుకు రావడం నేను చూశాను. చలి వల్ల కాదమ్మా అది, తడి నూలుగుడ్డ వల్ల. నూలు చెమటను పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. నీళ్లు నిలిచిన గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. కొండ మీదైతే వణుకుతో సరిపోతుంది. ఇక్కడ మైనస్ 20లో అది ప్రమాదం. కాబట్టి ఒంటికి తగిలే మొదటి బట్ట నూలుది కాకూడదు. ఇది ఒక్కటే మరిచిపోవద్దు.

ఆ మొదటి బట్టనే థర్మల్స్ అంటారు. అక్కడ మీరు కొనాల్సిన ముఖ్యమైన వస్తువు అదే. నిండు చేతులది పైకి, చీలమండ దాకా వచ్చేది కిందికి. లేబుల్ చూడండి. పాలిస్టరు అని గానీ, మెరినో ఊలు అని గానీ ఉండాలి. 100 శాతం కాటన్ అని ఉంటే ఎంత మెత్తగా ఉన్నా పక్కన పెట్టేయండి. అమ్మకు ఊలు తగిలితే దద్దుర్లు వస్తాయి కాబట్టి ఆమెకు పాలిస్టరే. ఒంటికి అతుక్కుని ఉండాలి కానీ బిగుతుగా ఉండకూడదు. ఇద్దరికీ మూడేసి జతలు చాలు. అవి చెన్నైలోనే తొడుక్కుని విమానం ఎక్కొద్దు. ఆ ఉక్కకు చెమటపట్టి తడిసిపోతాయి. చేతిసంచిలో పెట్టుకుని, దిగడానికి గంట ముందు తొడుక్కోండి.

చీర సంగతి. "ప్యాంటు వేసుకోవాలంటే నేను రానేరాను" అని చెల్లెలితో అన్నావట. ఎవరూ వేసుకోమనడం లేదమ్మా. చీర నిక్షేపంగా కట్టుకోవచ్చు. థర్మల్ ప్యాంటు, దాని మీద లంగా, ఆపైన చీర. ఎవరికీ కనిపించదు. చిక్కంతా రవికతోనే. ఇప్పుడున్న నీ రవికలు థర్మల్ మీద పట్టవు. ముందు థర్మల్ కొని, అది తొడుక్కుని టైలరు దగ్గర కొలతలు ఇవ్వు. చేతులు, చంకలు వదులుగా పెట్టి నాలుగు రవికలు కుట్టించు. తిరుచానూరు పంచమి తీర్థం లోపు ఇచ్చెయ్, ఆ తర్వాత పెళ్లిళ్ల బట్టలని తిప్పుతారు. బయటికి వచ్చేటప్పుడు చీర చీలమండకు పైకి కట్టుకోవాలి. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, అంచు ఆ ఉప్పునీళ్లలో తడిస్తే పాడవుతుంది. పైన కోటు మోకాళ్ల కిందికి వస్తుంది కాబట్టి కుచ్చిళ్లు గాలికి ఎగరవు.

ఆ కోట్లు మేము ఇక్కడ కొని ఉంచాం. ఇద్దరికీ. డబ్బు గురించి ఒక్క మాట కూడా మాట్లాడొద్దు నాయనా, నా మొదటి కోటు నువ్వు కొన్నావు. వీటిలో చాలావాటికి లోపల బాతు ఈకలు నింపుతారు. అవి తేలిక, చాలా వెచ్చన. అయితే అమ్మ ఆ కోటు వేసుకుని గుడికి రావడానికి ఒప్పుకోదని నాకు తెలుసు. వెతికి పాలిస్టరు దూది నింపినవి తెచ్చాం. తడిసినా ఈకలంత తొందరగా చల్లబడవు. చేతులకు కూడా వేళ్లు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కాకుండా, నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి తీసుకున్నాం. వేళ్లు ఒకదానికొకటి వేడినిచ్చుకుంటాయి. నీ గాజులు వాటిలో పట్టేలా చూశానమ్మా. ముక్కుపుడక, కమ్మలు తీయనక్కర్లేదు. లోహం తొందరగా చల్లబడి చర్మాన్ని కొరుకుతుంది కాబట్టి బయట ఉన్నంతసేపూ మఫ్లరుతో కప్పుకో, చాలు.

నాయనా, నీ మంకీ క్యాప్ తప్పకుండా తెచ్చుకో. ఇక్కడ దానికంటే మంచి వస్తువు నాకు కనిపించలేదు, దాని మీద కోటు టోపీ వేసుకుంటే సరి. అమ్మా, శాలువాలు ఒకటి రెండు తెచ్చుకో. ఇంట్లో మాత్రం హీటరుతో 21 డిగ్రీలు ఉంచుతాం. కాబట్టి ఇంట్లోకి నీ మామూలు నూలు చీరలే కావాలి, స్వెటర్లతో పెట్టె నింపొద్దు. హీటరు గాలి పొడిగా ఉండి పెదవులు, మడమలు పగులుతాయి. రాత్రి పడుకునే ముందు వాజిలైన్ రాసుకోవాలి. కొబ్బరినూనె సీసా మన దగ్గర మాదిరి పారదు, గడ్డగానే ఉంటుంది. అది చూసి నూనె పాడైందని పారెయ్యొద్దు.

బిడ్డకు స్వెటర్లు, టోపీలు కొనొద్దు. ఇక్కడ స్నేహితులు సంచులకొద్దీ ఇచ్చారు. నీ పాత నూలు చీరలు, ఉతికి ఉతికి మెత్తబడినవి, నాలుగు తీసుకురా అమ్మా. పసుపు అంచు ఆకుపచ్చది ఉంటే అది తప్పకుండా. అలాంటి మెత్తన ఇక్కడ ఏ అంగట్లోనూ దొరకలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి పెట్టాను. బూట్లు. ఇక్కడ ముసలివాళ్లకు చలికంటే మంచుగడ్డ మీద జారిపడడమే భయం. రోడ్డు తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది, కాలు పెడితే అది పల్చటి ఐసు పొర. కాబట్టి అట్టకు లోతైన గాట్లుండి, నీళ్లు దూరనివి, చీలమండ పైదాకా వచ్చేవి కావాలి. మందమైన ఊలు సాక్సు తొడిగాక కూడా వేళ్లు లోపల కదలాలి. బిగిస్తే రక్తం ఆడదు, నాకు జరిగింది అదే. కాబట్టి మామూలు కొలత కంటే కాస్త పెద్దది తీసుకోవాలి. అయితే మీ కొలత ఎంతని అడగాలి? నాయన ముప్పయ్యేళ్లుగా వేసుకునేవి చెప్పులే. అమ్మ పాదం ఎడమది ఉబ్బి ఉంటుంది. ఫొటో తీసి పంపితే కొలత తెలియదు.

కాబట్టి ఇలా చేయండి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉండే సమయంలో, తెల్లకాగితం నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. కూర్చుని కాదు, బరువు మోపి నిలబడాలి. చెల్లెలు పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీత గీస్తుంది. రెండు పాదాలకూ వేర్వేరుగా, ఇద్దరికీ కలిపి నాలుగు కాగితాలు. అమ్మా, మెట్టెలు ఉంచుకునే గీయించు, బూట్లలో కూడా అవి ఉంటాయి కదా. కాగితం మీద ఎవరిదో, కుడి ఏదో, ఎడమ ఏదో రాయించండి.

ఈ ఉత్తరం తెచ్చినాయన నవంబరు రెండో వారంలో తిరిగి బయలుదేరుతాడు. బయలుదేరే ముందు మన ఇంటికి వస్తానన్నాడు. ఆ నాలుగు కాగితాలు మడతపెట్టకుండా చుట్టి ఆయనకివ్వండి. మధ్యాహ్నం వస్తే భోజనం పెట్టి పంపమ్మా, ఇక్కడ సంగటి తినక ఏడాదైందని అన్నాడు.

ఇట్లు,
మీ పెద్దపాప