వేలిముద్ర కాడ లొల్లి

అరేయ్ రాజిగా,

మొన్న ఫోన్ల అమెరికాల మీ ఆస్టిన్ సిటీ ముచ్చట సగం చెప్పి డ్యూటీ ఉందని పెట్టేసినవ్, ఆ మిగిలిన సగం కోసం రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ పట్టుకుని కూసున్న, మా ఇంటామె తిట్టుడే తిట్టుడు. 2015 డిసెంబర్ల సిటీ కౌన్సిల్ యాప్ క్యాబ్ డ్రైవర్లకు, పాత కేసులేమన్న ఉన్నయా అని వేలిముద్రల చెకింగ్ ఉండాలన్నదట, ఊబర్, లిఫ్ట్ అనే క్యాబ్ యాప్ కంపెనీలేమో మా చెకింగ్ మాకున్నది, అది చాలు అన్నయట, లొల్లి ఓటింగ్ దాకా పోయిందట. ఆ రెండు కంపెనీలు ప్రచారానికి 80 లక్షల డాలర్ల పైనే పెట్టినయ్‌రా! మా ఊరి సర్పంచ్ ఎలక్షన్లు యాదికొచ్చినయ్. అయినా 2016 మే 7న నూటికి 56 ఓట్లు కంపెనీలకు ఎదురు పడ్డయి, మే 9న రెండూ ఆస్టిన్ల దుకాణం మూసేసినయ్.

నాకైతే ముందు నవ్వొచ్చింది. మా బాపు రేషన్ బియ్యానికి ప్రతిసారి వేలు పెట్టాలె, పత్తి ఏరి ఏరి గీతలు అరిగిపోయినయ్, మిషన్ పట్టదు, డీలర్ ముందల వేలు మార్చి మార్చి పెడ్తనే ఉంటడు. కారు తోలేటోడు ఒక్కసారి పెడితే ఏం పోయె?

మళ్ల నా సంగతే యాదికొచ్చింది. హైదరాబాద్ల క్యాబ్ తోలినప్పుడు సెల్ఫీల మొఖం కలుస్తలేదని ఒక యాప్ నా ఐడీ ఆపింది, గడ్డం పెరిగింది అంతేరా, మూడు రోజులు రూపాయి లేదు, కారు కిస్తీ మాత్రం ఆగలే. 2020ల సెంట్రల్ గవర్నమెంట్ గైడ్‌లైన్స్‌ల రోజుకు 12 గంటలు మించి లాగిన్ ఉండొద్దని రాసిండ్రు, మంచి రూలే, కానీ కిస్తీ కోసం నేనే 15 గంటలు తోలిన, నిజం చెప్తున్న.

ఆస్టిన్ల వేలిముద్రకు ఒప్పుకున్న వేరే యాప్‌లు వచ్చినయట, రైడ్‌ఆస్టిన్ అని లాభం చూసుకోని సంస్థ కూడా పెట్టిండ్రట. ఏడాది తిరిగినంక 2017 మేల గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకంతోని మీ టెక్సాస్ రాష్ట్రం మొత్తానికి ఒకటే చట్టం, సిటీ రూల్ పాయె, ఆ రెండు మళ్ల దిగినయ్. ఊరోళ్లు ఓటేసి చెప్పిన మాటను పైనోళ్లు అట్ల తుడిచేస్తే నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఈసారి క్యాబ్ ఎక్కితే డ్రైవరన్నను ఒక్క మాట అడుగు, పాతోడైతే చెప్తడు: ఆ మే 9 పొద్దున యాప్ తెరిచి ఏం చేసిండో. కిస్తీ ఎట్ల కట్టిండో అది గూడ అడుగు.

నీ,
సమ్మిగాడు
హన్మకొండ