సాగు చేసేవాడి పేరు ఎక్కడ రాస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పంట పెట్టుబడికి సర్కారు ఇచ్చే రైతు భరోసా పైసలు పడ్డాయని, రైతులు సంబరపడుతున్నారని పోయిన వారం జిల్లా పేజీలో వార్త వేశారు. పడ్డమాట నిజమే. ఎవరి ఖాతాల్లో పడ్డాయో కూడా రాయాల్సింది. మా ఊరి చెరువు కింద పొలాల్లో సగానికి పైగా కౌలు మీదే నడుస్తున్నాయి. పట్టాదారుల్లో కరీంనగర్‌లో ఉండేవాళ్లున్నారు, హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లున్నారు, అమెరికా పోయినవాళ్లున్నారు. ఒక్కో పంటకు ఎకరానికి ఆరు వేలు వాళ్లకే వచ్చాయి. నాట్లు వేయించినవాడికి, యూరియా కోసం సొసైటీ ముందు లైన్లో నిలబడ్డవాడికి రూపాయి రాలేదు.

ఇది ఇవాళ్టి అన్యాయం కాదు. 2018 మేలో హుజూరాబాద్ దగ్గర రైతుబంధు పేరుతో ఈ సాయం మొదలుపెట్టిన నాటి నుంచీ ఇదే తంతు. ఒక్కో పంటకు ఎకరానికి నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు, ఎంత భూమి ఉంటే అంతకూ ఇచ్చారు. గుట్టలకు, ప్లాట్లు చేసిన భూములకు కూడా పోయాయని తర్వాత వచ్చిన ప్రభుత్వమే చెప్పింది. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకు కూడా ఏటా ఎకరానికి 15 వేలు ఇస్తామని హామీ ఇచ్చి ఓట్లేయించుకున్నారు. 2025 జనవరి 26న రైతు భరోసాగా మొదలుపెట్టేసరికి అది ఏటా 12 వేలయింది, కౌలు రైతు ఊసే లేదు. భూమి లేని కూలీలకు ఆత్మీయ భరోసా అన్నారు. దానికి ఉపాధి హామీలో 20 రోజులు పని చేసి ఉండాలట. ఐదెకరాలు కౌలుకు పట్టినవాడు పొలం వదిలి మట్టి పనికి ఎప్పుడు పోతాడు? అతను చనిపోతే రైతుబీమా 5 లక్షలూ రావు. పాసుబుక్కు లేదు కాబట్టి రైతే కాదంటారు.

భరోసా వచ్చాక కౌలేమైనా తగ్గిందా అంటే ఒక్క బస్తా తగ్గలేదు. పైగా ముందే చేతిలో పెట్టమంటున్నారు. మా పక్క పొలం చేసే ఆయన వడ్లు కొనుగోలు కేంద్రానికి తెస్తే పట్టాదారు పేరు మీదే రాశారు, పైసలు పట్టాదారు ఖాతాలోనే పడ్డాయి. ఆ సారు ఊళ్లో లేడు, ఫోన్ ఎత్తడు. కౌలు పట్టుకుని మిగతాది ఇచ్చేసరికి నెల దాటింది. అప్పటిదాకా మిత్తి ఎవరు కట్టాలి?

ఆఫీసుల్లో అడిగితే ఒకరు యాప్‌లో ఆ ఆప్షన్ లేదంటారు, ఇంకొకరు పైనుంచి ఆర్డర్ రాలేదంటారు. ధరణి పోర్టల్ వచ్చాక భూమి రికార్డైన పహాణీలో అనుభవదారు, అంటే సాగు చేసేవాడి కాలమ్ పోయింది, 2020లో ఊరి భూమి లెక్కలు చూసే వీఆర్వోలనూ తీసేశారు. ఏ సర్వే నంబర్లో ఎవరు సాగు చేస్తున్నారో ఊళ్లో అందరికీ తెలుసు, సర్కారు కాగితానికి మాత్రం తెలియదు. గట్టు మీద నడిచి పంట చూసే అధికారి ఈ మధ్య నా కంటపడలేదు. వస్తే రోడ్డు మీదే కారు ఆపి ఫోటో దిగి పోతున్నారు.

కౌలుదారు పేరు రాస్తే భూమి పోతుందని పట్టాదారులకు భయం ఉంది. పాత చట్టం కింద కౌలుదారుకు భూమి మీద హక్కులిచ్చిన రక్షిత కౌలుదారు కేసులు చూసిన పెద్దలున్న ఊళ్లలో ఆ భయం ఊరికే పోదు. కానీ కౌలుదారులను గుర్తించే 2011 చట్టం కింద ఇచ్చే కార్డు పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికే. దాంతో భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే ఉంది. దాన్ని మన తెలంగాణలో ఎవరూ రద్దు చేయలేదు. మూలకు పడేశారు, అంతే. ఈ ముక్క పట్టాదారులకు చెప్పే ఓపిక ఒక్క ఎమ్మెల్యేకూ లేదు.

ఇప్పుడు వీఆర్వోల స్థానంలో మళ్లీ గ్రామ పాలనాధికారులను వేశారు కదా. యాసంగి నాట్లకు ముందే వాళ్లతో గ్రామసభ పెట్టించి, సర్వే నంబర్ల వారీగా సాగుదారు పేరు రాయించి, ఆ జాబితా పంచాయతీ గోడకు అతికించమనండి. అభ్యంతరం ఉన్నవాళ్లు అందరి ముందే చెప్పుకుంటారు. మీ విలేకరిని కూడా ఈసారి లబ్ధిదారుల జాబితా పట్టుకుని పొలాల దగ్గరికి పంపండి.

– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా