గ్లాసుల చప్పుడు కూడా సంగీతంలో భాగమే

సంపాదకులకు నమస్కారం.

జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్ ట్రియో క్లబ్బులో వాయించిన విలేజ్ వాన్‌గార్డ్ రికార్డింగు మళ్లీ ఎల్‌పీగా రావడం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. జాజ్‌కి అరపేజీ ఇచ్చారు, సంతోషం. కానీ అందులో సగం రికార్డు ఎన్ని గ్రాములుందో, అట్ట ఎంత దళసరో చెప్పడానికే సరిపోయింది. బాస్ వాయించిన స్కాట్ లఫారో పేరు ఒక్కచోట కూడా లేదు, డ్రమ్స్ వాయించిన పాల్ మోషియన్ పేరూ లేదు. ట్రియో అంటే ముగ్గురండీ!

అది 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లో నేలమాళిగలో ఉండే ఆ చిన్న క్లబ్బులో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా విరామాలిస్తూ ఐదు విడతలు (సెట్లు) వాయించారు, అన్నీ టేపుకెక్కాయి. సరిగ్గా 11 రోజులకి లఫారో కారు ప్రమాదంలో పోయాడు, 25 ఏళ్లకే. ఆ టేపుల్లోంచి ముందుగా వచ్చిన ఆల్బమ్ మొదలయ్యేదీ ముగిసేదీ అతను కట్టిన ట్యూన్లతోనే, కావాలనే అలా పేర్చారు. అతని బాస్ వెనకాల నిలబడి తాళం వేసే రకం కాదు, పియానో ఒక మాట అంటే మధ్యలోనే అందుకుని తన మాట తను చెబుతుంది. అది వదిలేసి ఈ రికార్డు గురించి ఏం రాస్తాం?

ఇంకోటి, కొత్తగా అచ్చేసిన రికార్డులో 'పూర్తి నిశ్శబ్దం' ఉందని తెగ మెచ్చుకున్నారు. వినైల్ మీద చిటపటలు పోతే మంచిదే, కాదనను. కానీ గ్లాసులు తగిలే చప్పుడు, ఎవరో నవ్వడం, పాట సగంలో ఉండగానే కబుర్లు, ఇవన్నీ అసలు టేపులోనే ఉన్నాయి. బ్రష్షులు డ్రమ్ము మీద మెల్లగా రాసుకుంటుంటే వెనకాల ఆ గుసగుసలు వినిపిస్తాయి, గది ఎంత చిన్నదో తెలిసేది వాటివల్లే. అది కూడా శుభ్రం చేసేస్తే మిగిలేది స్టూడియో రికార్డింగే. ఆ రోజు కరెంటు పోయి మధ్యలో తెగిపోయిన టేక్‌ని కూడా తర్వాత ఆ టేపులన్నీ కలిపి వేసిన పూర్తి సంకలనంలో అలాగే ఉంచారు, అదీ పద్ధతి.

180 గ్రాముల బరువు వల్ల శబ్దం దానంతటదే బాగుపడదు. 45 స్పీడుతో (నిమిషానికి 45 చుట్లు) లాభం మాత్రం నిజం, ముల్లు కింద గాడి వేగంగా కదులుతుంది కాబట్టి పై స్వరాలు స్పష్టంగా వస్తాయి, కాకపోతే ఒక్కో పక్కకి పట్టేది తక్కువ, ఇలాంటి లైవ్ రికార్డుకి మాటిమాటికీ లేచి పక్క తిప్పడం నాకైతే విసుగే. అసలు అడగాల్సింది వేరే ఉంది. 2022లో అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ సంస్థ తన రికార్డులు చాలావాటికి అసలు టేపుకీ రికార్డుకీ మధ్యలో డిజిటల్ కాపీ వాడిందని బయటపడి, కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. వినడానికి అవి బాగాలేవని కాదు, చెప్పకపోవడమే గొడవ.

అందుకే ఈసారి ఇలాంటివి వచ్చినప్పుడు ఏ టేపు నుంచి తీశారు, రికార్డు గాడి చెక్కే కటింగ్ పని ఎవరు చేశారు, మధ్యలో డిజిటల్‌లోకి మార్చారా అన్నది ముందు రాయించండి. బరువు సంగతి చోటు మిగిలితే వేద్దురుగాని.

- ఒక పాఠకుడు